నల్ల టై కొనుక్కుని మాయమైన మొగుడు

"నా మాట రాసిపెట్టుకోండి, ఇవాళ మనలో ఒకరు ఆ సరస్సులో పడి తీరతారు," అంది అట్రాక్టా, కారు ఇంకా వాళ్ల వాకిలైనా దాటకముందే.

కీడెంచి మేలెంచమన్నారు. అట్రాక్టా అరవై రెండేళ్లుగా కీడు దగ్గరే ఎంచుతోంది, మేలు దాకా ఎన్నడూ వెళ్లలేదు. ఆమె ఒళ్లో ఉన్న సంచిలో రెండు టీ ఫ్లాస్కులు, దెబ్బలకు పట్టీలు, చర్చిలో ఇచ్చిన మంత్రజలం సీసా, నలుగురికీ పొడి మేజోళ్లు ఉన్నాయి. మొగుడు సేనన్ ఫోను కూడా అందులోనే ఉంది. అతని జేబులో ఉంటే నీళ్లలో పడుతుందని ఆమే తీసి దాచింది.

"పడితే పడనీ అట్టీ, నేనున్నానుగా!" అన్నాడు వెనక సీట్లో ఆమె పక్కనే కూర్చున్న అన్న మాలకీ. "ఎవరు పడ్డారు, ఎందుకు పడ్డారు, ఎవరు తోశారు, మూడూ మూడు నిమిషాల్లో తేల్చేస్తాను. ఈ ద్వీపం మొత్తమ్మీద ఇలాంటి బుర్ర ఇంకోటి లేదు. నేరమనేది నన్ను చూస్తే టోపీ తీసి పక్కకి తప్పుకుంటుంది."

"తేల్చడం సంగతి సరే మామయ్యా, పడకుండా చూడటం నీ వల్ల కాదా?" అన్నాడు కారు నడుపుతున్న ఫియక్రా. అట్రాక్టా కొడుకు. తల్లిదండ్రుల పెళ్లై నలభై ఏళ్లయిన సందర్భంగా నహోరా సరస్సు, దాని దగ్గర్లో పాడుబడ్డ పాత మఠం చూపిస్తానని వాళ్లని తీసుకెళుతున్నాడు. మామయ్యని ఎవరూ పిలవలేదు. ఆయన కారు ఎక్కేశాడు, అంతే.

మాలకీ ముప్పై ఒక్క ఏళ్లు ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చదివి రిటైరయ్యాడు. మీటరు చదివినవాడికి మనిషిని చదవడం ఒక లెక్కా అని అప్పట్నుంచీ డిటెక్టివు అవతారం ఎత్తాడు. ఇప్పటిదాకా తేల్చిన కేసు ఒకటే. ఫాదర్ గారి కోడిపెట్టని దొంగిలించిందెవరని మూడు వారాలు ఊరంతటినీ అనుమానించి, చివరికి దాన్ని తన కారు డిక్కీలోనే కనుక్కున్నాడు. అప్పటికది ఆరు గుడ్లు కూడా పెట్టింది.

ఆ కోడి కథ రెండోసారి మొదలుపెట్టాడు. కారులో రేడియో ఏదో గొణుగుతోంది. ముందు సీట్లో సేనన్ చెవి రేడియోకి దగ్గరగా వంచి కూర్చున్నాడు. అతను నోరు తెరిస్తే వర్షం ఆగుతుందని ఊళ్లో సామెత. అందుకే అక్కడ వర్షం ఆగదు.

అట్రాక్టా గుండెలో అసలు గుబులు సరస్సు కాదు. ఆ సరస్సు చుట్టుపక్కలెక్కడో సేనన్ అన్న లోర్కన్ ఉంటాడు. ఇల్లరికం వెళ్లిపోయిన మనిషి. గేటు ఎవరు తెరిచిపెట్టారన్న విషయం మీద, ఆ గేటులోంచి పోయి బురదలో కూరుకుపోయిన ఒక పెయ్యదూడ మీద, అన్నదమ్ములిద్దరూ మాటలు మానేసి పంతొమ్మిదేళ్లయింది. ఎదురుపడితే ఏమవుతుందో? కొట్టుకుంటారేమో! ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు కూడానూ.

మఠం చేరేసరికి పన్నెండయింది. పైకప్పు లేని గోడలు, వాటి మధ్య ముక్కు అరిగిపోయి వెల్లకిలా పడుకున్న రాతి బిషప్పు బొమ్మ, బిషప్పు పొట్ట మీద కూర్చుని బిస్కెట్లు తింటున్న ఎవరో యాత్రికులు. గుండ్రటి బురుజు ఎక్కకూడదని అట్రాక్టా ముందే ఒట్టు వేయించుకుంది. వాన పడీ పడనట్టు కురుస్తోంది. ఆమె ఫ్లాస్కు మూత విప్పి, నాలుగు కప్పుల్లో పోసి, తల ఎత్తింది.

ముగ్గురే ఉన్నారు.

"సేనన్!"

గోడలు పేరుని తిరిగి ఇచ్చాయి గాని మనిషిని ఇవ్వలేదు.

"నేను చెప్పలేదూ! పడ్డాడు! సరస్సులో పడ్డాడు!" కప్పు చేతిలోంచి జారి బిషప్పు పాదాల మీద ఒలికింది.

"అమ్మా, సరస్సు అక్కడెక్కడో ఉంది. పడాలంటే పావుగంట నడవాలి," అన్నాడు ఫియక్రా.

"మీ నాన్న నడవగలడు!"

"ఎవరూ కదలకండి," అని మాలకీ చెయ్యెత్తాడు. "నేరం జరిగిన చోటు ఇది." వంగి నేలని పరీక్షించాడు. "ఆహా! ఇక్కడ ఇప్పుడే ఎవరో టీ ఒలికించారు. పెనుగులాట!"

"అది నేను ఒలికించింది అన్నయ్యా, నీ కళ్లముందే."

"సాక్షి అలా చెబుతోంది," అని మాలకీ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. "అనుమానితురాలు నంబరు ఒకటి."

ఫియక్రా పోలీసుస్టేషనుకి ఫోను చేశాడు. అవతల మనిషి ఎంతసేపైందని అడిగి, పాతిక నిమిషాలని విని, "మా ఆవిడ నాకోసం సాయంత్రం దాకా వెతకదు, మీ అమ్మగారు బంగారం," అని పెట్టేశాడు.

ముగ్గురూ మఠం దగ్గరున్న ఊళ్లోకి నడిచారు. ఊరంటే ఒక చర్చి, మూడు పబ్బులు, ఒక బట్టల దుకాణం. దుకాణంలో ఉన్న పెద్దావిడ సేనన్ పోలికలు వినగానే తల ఊపింది.

"వచ్చాడమ్మా. పొడుగాటి మనిషి, మాట పొట్టి. నల్ల టై ఒకటి కావాలన్నాడు. ఇక్కడే కట్టుకుని వెళ్లాడు."

"నల్ల టై!" మాలకీ కళ్లు మెరిశాయి. చెల్లెల్ని పక్కకి లాగి గొంతు తగ్గించాడు. ఆ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "గుర్తు! రహస్య ముఠాల వాళ్లు ఒకరినొకరు ఇలాగే గుర్తుపడతారు. నీ మొగుడు నలభై ఏళ్లుగా రెండు జీవితాలు గడుపుతున్నాడు అట్టీ."

"ఆయనకి ఒకటి గడపడానికే ఓపిక లేదు అన్నయ్యా!" అట్రాక్టా కళ్లు నీళ్లతో నిండాయి. ఆమెకి తట్టింది వేరే. "తన శవపెట్టెలో పడుకోవడానికే కొనుక్కున్నాడు. డాక్టరు ఏదో చెప్పి ఉంటాడు, నాకు దాచాడు. చక్కగా టై కట్టుకుని నీళ్లలోకి దిగిపోయాడు."

"అమ్మా, మొన్న డాక్టరు నాన్నకి వెన్న తగ్గించమన్నాడంతే."

"అలాగే మొదలవుతుంది!"

పడవల రేవు దగ్గర టికెట్లమ్మే అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది. నల్ల టై పెద్దాయన రోడ్డు మీద నిలబడి ఉంటే ఒక నల్ల వ్యాను ఆగింది. నల్ల సూట్లు వేసుకున్న బండలాంటి మనుషులిద్దరు ఆయన్ని ఎక్కించుకుని వెళ్లారు. వ్యాను వెనక నిండా మడత కుర్చీలు.

"ఎన్ని?" అన్నాడు మాలకీ.

"ఇరవై ఉంటాయేమో."

మాలకీ పుస్తకం మూసేశాడు. "తేలిపోయింది. ఇద్దరు గూండాలు. ఒక కుర్చీకి మీ ఆయన్ని కట్టేస్తారు. మిగతా పంతొమ్మిది చూడటానికి వచ్చేవాళ్లకి. దీని వెనక ఉన్న బుర్ర ఎవరిదో కూడా నాకు తెలుసు." కొంచెం ఆగాడు. ఎవరూ అడగలేదు. తనే చెప్పాడు. "లోర్కన్! పంతొమ్మిదేళ్లు పగని పెంచాడు. ఏడాదికో కుర్చీ!"

నల్ల టై, నల్ల సూట్లు, అద్దె కుర్చీలు. మామూలు రోజైతే అట్రాక్టా నిద్రలో కూడా చెప్పేది అదేమిటో. భయం పట్టిన బుర్రకి తాడే పాము. వెనకనుంచి ఫియక్రా "అమ్మా, ఒక్క మాట, నల్ల సూట్లంటే..." అని రెండుసార్లు మొదలుపెట్టాడు. రెండుసార్లూ మామయ్య "సాక్షులు మధ్యలో మాట్లాడకూడదు" అని నోరు మూయించాడు.

కారు తీసుకుని వ్యాను వెళ్లిన వైపు బయల్దేరారు. సందులాంటి రోడ్డు, రెండు వైపులా ముళ్లపొదలు. ఎదురొచ్చిన ప్రతి ట్రాక్టరువాడూ స్టీరింగు మీద నుంచి ఒక వేలు లేపి పలకరించాడు. మాలకీ ఒక్కొక్క వేలునీ రహస్య సంకేతమని రాసుకున్నాడు. రెండు మైళ్లు పోయాక రోడ్డు పక్కన గడ్డి మీద కార్లే కార్లు. వెనక్కి తిప్పుకోవడానికి చోటు లేదు. పసుపు చొక్కా వేసుకున్న ఒకతను చెయ్యి ఊపుతూ వాళ్లని ఒక గొర్రెల పొలంలోకి మళ్లించాడు.

"మేము ఇక్కడికని రాలేదండీ," అని ఫియక్రా కిటికీలోంచి అన్నాడు.

"పర్లేదు బాబూ, అందరికీ చోటుంది. ఆ తెల్ల కారు పక్కన పెట్టు."

పొలంలోకి మళ్లించాక, అంత ఆదరంగా చోటు చూపించాక, మేము రాలేదు అని వెళ్లిపోవడం ఆ దేశంలో ఎవరి తరమూ కాదు. దిగారు. దిగగానే వెనక ఇంకో ఆరుగురు చేరారు. అందరూ నల్ల బట్టల్లో, నల్ల టైలతో ఒక వరుసలో కదులుతున్నారు, వరుస ఒక తెరిచిన తలుపులోకి పోతోంది. తలుపులోంచి టీ వాసన, ఉడికించిన పంది మాంసం వాసన.

"చావిల్లు," అంది అట్రాక్టా.

"శాండ్‌విచ్‌లు," అన్నాడు మాలకీ. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. "ఎవరు పోయారు?" అని ముందున్నాయన్ని అడిగాడు.

"పెద్దావిడ హొనోరా. తొంభై ఏడు."

"అయ్యో, తొందరపడింది," అని మాలకీ తల ఊపాడు. చావిల్లు కళ్లబడితే లోపలికి వెళ్లి చెయ్యి కలపకుండా పోయినవాడు ఆ నేల మీద పుట్టలేదు. కిడ్నాపు కేసు పది నిమిషాలు ఆగలేదా?

లోపల చావింటి ఆచారం ప్రకారం అద్దం మీద గుడ్డ కప్పారు. గోడ గడియారం ఆపేశారు. హొనోరా గారు పెట్టెలో, బతికున్నప్పుడు ఎవరి మీదో గెలిచినట్టు నవ్వుతూ పడుకుని ఉన్నారు. పెట్టె పక్కన మడత కుర్చీల్లో ఇంటివాళ్లు వరసగా కూర్చున్నారు. మాలకీ చెయ్యి చాచి నడిచాడు. కళ్లు మాత్రం వంటింటి గుమ్మం దాటి పళ్లెం మీదికి వెళ్లిపోయాయి.

"మీకొచ్చిన కష్టానికి బాధగా ఉంది. మీకొచ్చిన కష్టానికి బాధగా ఉంది. మీకొచ్చిన కష్టానికి..." ఏడో కుర్చీలో నల్ల టై కట్టుకున్న పొడుగాటాయన చెయ్యి కూడా గట్టిగా ఊపాడు. "మీకొచ్చిన కష్టానికి బాధగా ఉంది."

"నాకూ అలాగే ఉంది మాలకీ," అన్నాడాయన.

మాలకీ అప్పటికే వంటింట్లో ఉన్నాడు.

వెనక వస్తున్న అట్రాక్టా ఆ చెయ్యి పట్టుకుంది. నలభై ఏళ్లుగా తెలిసిన చెయ్యి. వెచ్చగా, పొడిగా ఉంది. నీళ్లలో పడ్డ చెయ్యి కాదు. పక్కనున్న ఖాళీ కుర్చీలో కూలబడింది.

"ఏమయ్యా! నువ్వు చచ్చిపోలేదా?"

"ష్. ఇక్కడ చచ్చింది ఆవిడ," అన్నాడు సేనన్.

"ఎవరీవిడ?"

సేనన్ కళ్లతో పక్క కుర్చీ చూపించాడు. అందులో లోర్కన్ కూర్చున్నాడు. తల పండిపోయింది. ముందుకి చూస్తున్నాడు. "వాడి అత్తగారు. పొద్దున్న రేడియోలో చావు వార్తల్లో చెప్పారు."

"నాకు వినిపించలేదే?"

"ఫాదర్ గారి కోడిపెట్ట కథ మీ అన్నయ్య రెండోసారి చెబుతున్నాడు అప్పుడు."

"నాతో చెప్పి రావచ్చుగా! ఒక్క మాట!"

"చెబితే కారు వెనక్కి తిప్పించేదానివి."

నిజమే. అట్రాక్టా ఇంకొంచెం దగ్గరికి జరిగింది. ఈసారి చెవిలో అడిగింది. "ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. కుర్చీలు తెచ్చే అంత్యక్రియలవాళ్ల వ్యానులో వచ్చి, ఆవిడకి దణ్ణం పెట్టి చెయ్యి చాచాను. పట్టుకున్నాడు. ఈ కుర్చీ లాగి వేశాడు. కూర్చున్నాను. గంట పైనే అయింది."

వంటింట్లోంచి నోటి నిండా శాండ్‌విచ్‌తో మాలకీ గొంతు వినిపించింది. "ముఠా ఇక్కడికి దగ్గర్లోనే ఉంది, నా ముక్కు చెబుతోంది!"

"మామయ్యా, నాన్నతో ఇప్పుడే చెయ్యి కలిపావు," అన్నాడు ఫియక్రా.

ఒక క్షణం నమలడం ఆగింది. "తెలుసు! నాడి చూశాను. బతికే ఉన్నాడు. కేసు తేలింది!" గదిలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. పెట్టెలో హొనోరా గారి నవ్వు ఎలాగూ ఆగలేదు.

లోర్కన్ మాత్రం కదల్లేదు. మనుషులు వస్తున్నారు, చేతులు కలుపుతున్నారు, వెళుతున్నారు. అన్నదమ్ములిద్దరూ ఒకే గోడని చూస్తూ కూర్చున్నారు. పొద్దున్నుంచీ ఇలా ఎదురుపడితే ఏమవుతుందోనని అట్రాక్టా ఎన్ని ఊహించుకుంది! కొట్టుకుంటారనుకుంది, తోసుకుంటారనుకుంది. ఇలా ఏమీ జరగకపోవడం ఒక్కటే ఊహించుకోలేదు. ఇప్పుడు మొగుణ్ని లేపి తీసుకుపోతే ఇంకో పంతొమ్మిదేళ్లు ఇలాగే పోతాయి. అన్ని ఏళ్లు ఇద్దరికీ ఎక్కడున్నాయి? ఆ భయం ముందు మిగతా భయాలన్నీ చిన్నవైపోయాయి.

ఆమె ముందుకి వంగింది. గదిలో అందరికీ వినపడేలా పైకే అంది. "లోర్కన్, మాకు చాలా దూరం పోవాలి. మా ఆయన్ని తీసుకెళ్లమంటావా, ఉంచమంటావా? నువ్వే చెప్పు."

 వరుసలో వచ్చి లోర్కన్‌కి చెయ్యి చాచినావిడ చాచినట్టే నిలబడింది. వంటింట్లో కెటిల్ కూత పెట్టి, ఎవరో దించాక, అదీ ఊరుకుంది. సేనన్ టై ముడి సర్దుకున్నాడు. సరిగ్గానే ఉన్న ముడి, మళ్లీ సర్దుకున్నాడు. ఆపేసిన గడియారం ఎంతసేపైందో చెప్పలేదు.

లోర్కన్ తమ్ముడి వైపు తల తిప్పలేదు. అతని భుజం వైపు మాత్రం చూశాడు.

"ఉంచు," అన్నాడు. "రేపు పెట్టె మోసేటప్పుడు నా పక్కన నా ఎత్తు మనిషి కావాలి. ఈ ఊళ్లో ఒక్కడూ లేడు."