శాంక్షన్‌కు ముందే నీళ్ళు

మా గుండువలస ఏడాది తిరక్కుండా స్వయంసమృద్ధి సాధించి తీరుతుందని పంచాయతీ సమితి ప్రెసిడెంటు గణపతిరావు గారు రామమందిరం అరుగు మీద నిలబడి ప్రకటించారు. ప్రకటన మధ్యలో రెండుసార్లు మంచినీళ్ళు అడిగి తాగారు. ఆ నీళ్ళు మా ఆవిడ సుభద్రమ్మ తెల్లవారకముందే నాగావళి ఇసుకలో చెలమ తీసి, ఊరేదాకా కూర్చుని, నెత్తిన మోసుకొచ్చినవి. ఆ సంగతి వారికి తెలియదు. నాకు తెలుసు గాని, సభామర్యాద అడ్డొచ్చింది.

పథకం చాలా గొప్పది. ఊరివాళ్ళు శ్రమదానం చేస్తే బావి కట్టడానికి మిగతా ఖర్చంతా సర్కారు గ్రాంటుగా ఇస్తుంది. దానికి దరఖాస్తు పెట్టాలంటే ఊళ్ళో ఒక కమిటీ ఉండాలి. కమిటీకి ఒక అధ్యక్షుడు ఉండాలి. నన్ను ఎన్నుకున్నారు. రోజూ పూజ చేసుకుంటాను, అబద్ధమాడనని పేరుంది, అందుకని ఎన్నుకున్నారనుకున్నాను. ఊళ్ళో కుర్చీలున్నది మా ఇంట్లోనేనని తరవాత గుర్తొచ్చింది.

అధ్యక్షుడి పేరు పాలరాతి ఫలకం మీద చెక్కుతారని గ్రామసేవక్ నరసింగరావు చెప్పిన దగ్గర్నుంచి నాకు ప్రజాసేవ మీద ఆసక్తి పెరిగింది. విజయనగరం వెళ్ళి, రాళ్ళు చెక్కే అతన్ని కలిసి, నా పేరు ఇంటిపేరుతో సహా ఒకే వరసలో పడుతుందో లేదో కనుక్కొచ్చాను. పడుతుందిట. రాయి కొంచెం పెద్దది కావాలిట.

మనిషి ప్రయత్నానికి దైవబలం తోడుండాలని నా నమ్మకం. ఇద్దరం అరసవల్లి వెళ్ళి సూర్యనారాయణమూర్తికి మొక్కుకున్నాం. నేను గ్రాంటు రావాలని మొక్కుకున్నాను. ఆవిడ నీళ్ళు రావాలని మొక్కుకుంది. కొబ్బరికాయ మాత్రం ఒకటే కొట్టాం.

"దరఖాస్తు అంటే కాయితం కాదండీ, ఎన్‌థూజియాజం" అన్నాడు నరసింగరావు. "ప్రజల్లో ఉత్సాహం కనపడాలి. శ్రీకాకుళం నుంచి ఫొటోగ్రాఫర్ని పంపిస్తాను. భూమిపూజ చేసి, నలుగురు పారలు పట్టుకుని తవ్వుతున్నట్టు నిలబడండి. ఫొటో లేనిదే ఫైలు కదలదు."

"ఎంత లోతు తవ్వాల బాబూ?" అని అడిగాడు అసిరయ్య. నాకు వరసకు అల్లుడు. పార పడితే ఎక్కడ ఆపాలో తెలియని మనిషి.

"ఫొటోలో పడేంత."

మంచి ముహూర్తం చూసి, పట్టుపంచె కట్టుకుని, నేనే భూమిపూజ చేశాను. ఫొటోగ్రాఫరు ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. ఉత్సాహం ఆపవద్దని నరసింగరావు కబురు పంపాడు. ఈలోగా పై వీధి వాళ్ళు ఎక్కువ తవ్వారా, కింద వీధి వాళ్ళు ఎక్కువ తవ్వారా అని పందెం పడింది. మా ఊళ్ళో తిరణాల్లో బండి లాగినా, పెళ్ళిలో గారెలు తిన్నా పై వీధికీ కింద వీధికీ పడవలసిందే. నరసింగరావు ఫొటోగ్రాఫర్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి మా ఉత్సాహం నేలమట్టానికి చాలా కిందికి దిగిపోయింది. పైనుంచి చూస్తే తలపాగాలు తప్ప ప్రజలు కనపడటం లేదు.

అప్పుడే గోతిలోంచి అసిరయ్య గొంతు వినపడింది.

"మావా, నీల్లు. తియ్యగున్నాయి."

నేను గోతిలోకి దిగి, దోసిట్లో పట్టి ఆచమనం చేశాను. నిజంగానే తియ్యగా ఉన్నాయి. సుభద్రమ్మ బిందె తాడుతో దింపి, నింపి, పైకి లాగి, ఆ నీళ్ళలో తన మొహం చూసుకుని నవ్వింది. ఆవిడ నవ్వగా చూసి చాలా కాలమైంది.

నరసింగరావు మాత్రం నవ్వలేదు.

"ఎవర్ని అడిగి పడ్డాయండీ ఈ నీళ్ళు?" అన్నాడు. "ముందు శాంక్షన్, తరవాత ఎస్టిమేట్, ఆ తరవాత వర్కు, ఆఖర్న నీళ్ళు. నీళ్ళున్న ఊరికి నీళ్ళ గ్రాంటు ఎలా ఇస్తారు?"

"నీల్లు పడిపోనాయి కదా బాబూ, ఇంక గ్రాంటెందుకు?" అన్నాడు అసిరయ్య.

ప్రశ్నలో అర్థం ఉంది. కాని అడిగినవాడు కమిటీలో లేడు. అందరూ నా వైపు చూశారు. నేను అధ్యక్షుడిగా ఆలోచించాను. వానొస్తే మట్టి ఒడ్డు విరిగిపడుతుంది. రాతి కట్టడం కావాలి, గిలక కావాలి. అన్నిటికీ మించి, మట్టి ఒడ్డు మీద పాలరాయి నిలుస్తుందా? నిలవదు. ఈ చివరి సంగతి పైకి చెప్పకుండా, శాశ్వతమైన బావి కోసం తాత్కాలికమైన బావిని పూడ్చాలని తీర్మానం ప్రతిపాదించాను. కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది.

"ఏటండీ, దేవుడిచ్చిన నీళ్ళ మీద మట్టి పోస్తారేటి?" అంది సుభద్రమ్మ.

"పొయ్యడం కాదే, దాయడం."

"ఎవులికి కనపడకుండా?"

"గవర్నమెంటుకి."

"అదొచ్చి తాగేస్తాదేటి?"

ఆడవాళ్ళకు పరిపాలన ఒక పట్టాన అర్థం కాదని అప్పట్లో నా అభిప్రాయం.

పూడ్చడంలో కూడా పై వీధికీ కింద వీధికీ పందెం పడింది. ఫొటోగ్రాఫరు వచ్చిన పని వృథా కాకుండా అప్పుడే ఫొటో తీసుకున్నాడు. చాలా బాగా వచ్చింది. తవ్వేవాడి పారా, పూడ్చేవాడి పారా ఫొటోలో ఒక్కలాగే ఉంటాయి. ముందు వరసలో పట్టుపంచెతో ఉన్నది నేనే.

జిల్లా నుంచి ఇంజనీరు గారు తనిఖీకి వస్తున్నారని తెలిసి ఊరంతా సిద్ధమయ్యాం. పూడ్చిన చోట ఎండుమట్టి పరిచి పశువుల్ని తోలాం. వీధి పొడుగునా ఖాళీ బిందెలు బోర్లించాం. ఇంజనీరు గారు జీపు దిగి మంచినీళ్ళడిగారు. అనుకున్న ప్రకారం అందరం తలలు దించుకున్నాం. ఆయన చాలా చలించిపోయారు. కొబ్బరిబొండం తాగి, చేతికర్రతో నేల మీద నాలుగు చోట్ల పొడిచి, జీపులో వెంట వచ్చిన డఫేదారు చేత మట్టి తీయించి, వేళ్ళతో నలిపి చూశారు.

"పాపం, ఈ ఊరి నేలలో చెమ్మ జాడే లేదు" అన్నారు. "ఇక్కడ బావికి గ్రాంటిస్తే ప్రజాధనం మట్టిలో పోసినట్టే. నేను రికమెండ్ చెయ్యలేను."

నేను జీపు దాకా పరుగెత్తాను.

"అయ్యా, నీళ్ళున్నాయండీ."

"ఎక్కడ?"

"ఇందాక తమరు నిలబడ్డ చోటేనండీ. కింద."

"మీకెలా తెలుసు?"

"తాగి చూశామండీ."

"తాగడానికి నీళ్ళుంటే గ్రాంటెందుకు?"

"లేవండీ."

"లేని చోట బావెందుకు?"

ఆయన కోప్పడలేదు. ఎండలో తిరక్కండని నాకు సలహా ఇచ్చి వెళ్ళిపోయారు.

గణపతిరావు గారు అధైర్యపడే మనిషి కాదు. మళ్ళీ రామమందిరం అరుగెక్కి, దీని మీద పైకి అప్పీలు చేస్తున్నామని ప్రకటించారు. అప్పీలు తేలేదాకా ఆ స్థలంలో ఎవరూ పార వెయ్యకూడదన్నారు. వేస్తే కేసు బలహీనపడుతుందిట. ఊరి కోసం నేను చేసిన త్యాగాన్ని కొనియాడి పూలదండ వేశారు. ఏం త్యాగం చేశానో అడగబోయి, దండ బాగుందని ఊరుకున్నాను. సుభద్రమ్మ వినడానికి రాలేదు. ఏటికి వెళ్ళింది.

ఆ ఆదివారం ఆవిడ పొద్దున్నే తలంటుకుని తయారైంది.

"పదండి, అరసవల్లి ఎళ్ళొద్దాం. మొక్కు తీర్సాల."

"గ్రాంటు రాలేదు కదే."

"నీళ్ళొచ్చినాయి కదండీ. సామి ఇయ్యలేదని ఎలగంటాం?"

స్వామి తన పని ఎప్పుడో చేసేశాడు. ఆయనకు ప్రొసీజర్ తెలియకపోవడం ఒక్కటే ఇబ్బంది. పట్టుపంచె కట్టుకుని బయల్దేరాను. ఆవిడ చంకన ఇత్తడి బిందె పెట్టుకుంది. అందులో పూజాసామగ్రి పెట్టుకుందనుకున్నాను.

గర్భగుడి ముందు అర్చకులు మా గోత్రనామాలు చెప్పించుకుని, ఏం మొక్కమ్మా అని అడిగారు.

"మా ఊళ్ళో నీళ్ళు పడ్డాయి బాబూ" అంది సుభద్రమ్మ.

"శుభం. మంచి నీళ్ళేనా?"

"తియ్యటియి. ఈయన కూడా తాగినారు."

అర్చకులు నా వైపు చూశారు. నేను స్వామి వైపు చూద్దామని తలెత్తి, మళ్ళీ దించుకుని, అవునన్నాను.

పూజ అయింది. ఆయన తీర్థం తెచ్చారు. నేను చెయ్యి పట్టాను. ఉద్ధరిణెడు తీర్థం పోశారు. కళ్ళకద్దుకుని తాగి, తడి చెయ్యి తలకు రాసుకున్నాను. ఆయన సుభద్రమ్మ వైపు తిరిగారు.

ఆవిడ చెయ్యి చాపలేదు. చంకలోంచి ఖాళీ బిందె దించి, ఉద్ధరిణె కింద పట్టింది.