పెద్దసారు గదిలో నిండు సిగ్నల్

ఇకపై ఏ ప్రభుత్వ కార్యాలయంలోనైనా, ఏ మూల కూర్చున్నా లాప్‌టాప్‌కి సిగ్నల్ నిండుగా అందుతుందని, అందని మూలని తాను సహించబోనని మంత్రిగారు ప్రకటించారు. మూలల్ని కూడా వదలని నాయకుడు దొరకడం మన అదృష్టం.

ఆ అదృష్టాన్ని కళ్లారా చూసే భాగ్యం మర్నాడే నాకు కలిగింది. మా వదిన కుట్టు దుకాణం లైసెన్సు గడువు ఆ సాయంత్రంతో సరి. రెన్యూ కాకపోతే సీలు వేస్తారు. బడి పిల్లల యూనిఫారాలన్నీ లోపలే ఉన్నాయి. అందుకని పొద్దున్నే ఇద్దరం వెళ్లి గుమాస్తాగారి ముందు నిలబడ్డాం.

ఆయన మహా ఓపికమంతుడు. సిగ్నల్ కోసం లాప్‌టాప్‌ని కిటికీలో పెట్టారు, బీరువా ఎక్కించారు, చంటిపిల్లలా భుజానేసుకుని వరండా అంతా తిప్పారు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

"సిగ్నల్ ఇచ్చే ఆ డబ్బా ఎక్కడుందండీ?" అంది వదిన.

"పెద్దసారు గదిలో."

"ఇటు తెచ్చి పెట్టుకోవచ్చుగా."

గుమాస్తాగారు నొచ్చుకున్నారు. "మంత్రిగారు స్వయంగా ప్రారంభించిన డబ్బా అమ్మా. సారు టేబుల్ మీద ఉండక నా టేబుల్ మీద ఉంటుందా?"

"పోనీ, లాప్‌టాప్‌నే అటు తీసుకెళ్లండి."

"సరాసరి సారు గదిలోకే? మధ్యలో సూపరింటెండెంటుగారు లేరూ?"

పద్ధతంటే పద్ధతే. లాప్‌టాప్‌ని ఫైలు అట్టలో పెట్టి, దారం కట్టి, 'సిగ్నల్ నిమిత్తం సమర్పించడమైనది' అని రాసి పంపారు. తెరిచిన లాప్‌టాప్ పంపడమేమిటని సూపరింటెండెంటుగారు తిప్పి పంపారు. మూసి పంపారు. మూస్తే లోపల ఏముందో తనకెలా తెలుస్తుందని మళ్లీ తిప్పి పంపారు. చివరికి సగం మూసి పంపితే సంతకం పెట్టారు.

"ఏమయ్యా, ఇంతకీ నా పని అవుతుందా?" అంది వదిన. నాకు గోడ గడియారం చూపించింది. నాకూ భయం వేసింది కానీ, అంత క్రమశిక్షణ చూశాక భయపడటం మర్యాద కాదనిపించింది.

పొద్దు వాలుతుండగా లాప్‌టాప్ పెద్దసారు టేబుల్ చేరింది, దాని వెనకే మేమూ వెళ్లాం. ఆయన తెరిచారు. గీతలన్నీ నిండాయి. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దసారు వెంటనే మంత్రిగారి ఆఫీసుకి ఫోన్ చేసి ఆ విజయం చెప్పారు, పేపరతన్ని పిలిపించారు.

"సార్, గుమాస్తాగారిని పిలిస్తే ఇక్కడే రెన్యూ చేసేస్తారు," అన్నాను.

"నా టేబుల్ ముందు కూర్చునా?"

"పోనీ, మీరే ఒక్క నొక్కు నొక్కండి సార్."

"ఆయన పని నేను చేస్తే ఆయన ఉద్యోగం ఏం కావాలి? ఒకరి పొట్ట కొట్టమంటావా?"

అంత దయగల అధికారికి చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఆయన లాప్‌టాప్‌ని అట్టలో పెట్టించి, "నిండుగా పట్టింది. ఒలక్కుండా గుమాస్తా దాకా చేర్చండి. సూపరింటెండెంటు ద్వారానే," అన్నారు.

దారం కడుతుండగా లాప్‌టాప్ టింగుమంది. మళ్లీ విప్పారు. పైనుంచి ఉత్తర్వు: గడువు ముగిసింది, ఫలానా కుట్టు దుకాణానికి తక్షణం సీలు వేయవలెను.

పెద్దసారు మొహం వెలిగిపోయింది. "చూశావా, ఎంత వేగమో. ఇదివరకైతే ఈ ఉత్తర్వు రావడానికి వారం పట్టేది." వదినని పిలిచి లాప్‌టాప్ పక్కన నిలబెట్టారు. పేపరతను నవ్వమన్నాడు. ఆవిడ నవ్వలేదు.

మర్నాడు ఫోటో పడింది, రంగుల్లో. కింద 'మెరుగైన సిగ్నల్‌కి తొలి లబ్ధిదారు' అని వేశారు. పేపరు పట్టుకుని దుకాణానికి వెళ్లాను. సీలు వేసిన తలుపు ముందు వదిన నిలబడి ఉంది. యూనిఫారాల కోసం వచ్చిన తల్లులు చుట్టూ మూగి ఉన్నారు.

"వదినా, నీ ఫోటో పడింది."

ఆవిడ పేపరు అందుకుని, చూడకుండానే మెట్టు మీద పరుచుకుని కూర్చుంది.