చల్లని డబ్బాకు నూటికి తొంభై ఎనిమిది

"జిల్లా చరిత్రలో మొట్టమొదటిసారిగా, ఫ్యాను గల ఒక హార్డ్ డిస్క్ డబ్బా వాస్తవంగా చల్లబరచునా లేదా అను విషయమును శాస్త్రీయముగా, పారదర్శకముగా తేల్చుటకై ఉన్నతస్థాయి మూల్యాంకన సంఘమును నియమించడమైనదని తెలియజేయుటకు సంతోషించుచున్నాము."

సంగారెడ్డి నుంచి ఈ ప్రకటన వెలువడిన పూట నేను పటాన్‌చెరులో నా కంప్యూటర్ రిపేరు షాపులో కూర్చుని ఎవరిదో కీబోర్డు తిరగేసి మరమరాలు దులుపుతున్నాను. సంఘం సభ్యుల్లో మూడో పేరు "శ్రీ మధుబాబు, ప్రైవేటు నిపుణులు" అని ఉంది. అది నేనే. మా నాన్న గుంటూరు వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్ళు పనిచేసినా ఆయన పేరు ముందు ఎవరూ శ్రీ పెట్టలేదు. నాకు ఒక్క డబ్బాతో వచ్చింది. ఇలాంటి ప్రభుత్వాన్ని మెచ్చుకోకుండా ఎలా ఉండను?

అసలు విషయం చిన్నది. సంగారెడ్డిలో నీటి నాణ్యత సమాచార కార్యాలయం ఒకటుంది. చుట్టుపక్కల ఊళ్ళలో బోర్ల నీళ్ళు నెలనెలా పట్టుకొచ్చి, పరీక్ష చేసి, వచ్చిన అంకెలు కంప్యూటర్లో ఎక్కిస్తారు. పదకొండేళ్ళ అంకెలన్నీ ఒకే ఒక పాత డిస్క్‌లో ఉన్నాయి. కాపీ లేదు. ఆ డిస్క్‌కు వయసు మీద పడింది. తగిలించిన ఇరవై నిమిషాలకు పెనంలా వేడెక్కి ఆగిపోతుంది. అందులోవి బయటికి తీయాలంటే మూడు గంటలు ఏకబిగిన నడవాలి.

ఆ అంకెలు ఎల్లయ్యకు కావాలి. ఎల్లయ్యకు డెబ్భై ఒకటో ఏడు. రెండెకరాల పొలం, ఒక బోరు. పొలం పక్కన రసాయనాల ఫ్యాక్టరీ వచ్చాక బోర్లో నీళ్ళు పసుపురంగు తిరిగాయి, వరి ఎర్రబడి పోయింది. నీళ్ళు ముందునుంచీ అంతేనని ఫ్యాక్టరీ వాళ్ళు అంటారు. ముందు ఎలా ఉండేవో, తర్వాత ఎలా అయ్యాయో నెలవారీగా చెప్పగలిగేది ఆ డిస్క్ ఒక్కటే. ఇరవై రోజుల్లో విచారణ. అంకెలు చూపిస్తే ఫ్యాక్టరీ తన మురుగు బయటికి వదిలే గొట్టం మూసేయాలి. చూపించకపోతే ఎల్లయ్య నోరు మూసుకోవాలి.

ఆ ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసే ఆపరేటరు తేజస్విని నా దగ్గరికొచ్చి దారి అడిగింది. వెనక చిన్న ఫ్యాను ఉండే అల్యూమినియం డబ్బా ఒకటి చూపించాను. డిస్క్ అందులో దూర్చి వైరు తగిలిస్తే ఫ్యాను వేడిని బయటికి తోసేస్తుంది. "సాయంత్రానికల్లా పనైపోతుంది" అన్నాను. "మా సార్‌కి ఒక మాట చెప్పి తీసుకెళ్తా అన్నా" అంది. పనిమంతురాలే గానీ, అక్కడే తప్పులో కాలేసింది.

వాళ్ళ సార్ సూర్యప్రకాశరావు గారు. నిబంధనలన్నీ ఆయనకు నోటికి వచ్చు. డబ్బా పట్టుకుని మేమిద్దరం ఆయన గదిలోకి వెళ్ళేసరికి ఎల్లయ్య గుమ్మం పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఇది చల్లబరుస్తుందని ఎవరు చెప్పారు?" అన్నారు రావు గారు.

"డబ్బా మీదే రాసుంది సార్" అంది తేజస్విని.

"డబ్బాల మీద రాసినవన్నీ నమ్మితే ఇక ప్రభుత్వం దేనికమ్మా?"

నాకు ఒళ్ళు పులకరించింది. ఆ మాటలో ఉన్న బాధ్యత చూడండి.

"సార్, విచారణ ఇంకో ఇరవై రోజుల్లోనే" అంది ఆమె.

"అందుకే తొందరపడకూడదు" అన్నారాయన, అక్కడికక్కడే సంఘం వేశారు.

సంఘానికి అధ్యక్షులు ఆయనే. రెండో సభ్యురాలు పశువైద్యురాలు డాక్టర్ నాగవల్లి. జిల్లాలో వేడి కొలిచే అధికారిక అనుభవం ఆవిడకే ఉందట. మూడోవాణ్ణి నేను. తేజస్వినిని మాత్రం జోగిపేట ఆఫీసుకి పక్షం రోజులు పంపించారు. ఫలితం మీద ఆమెకు ఆసక్తి ఉన్నట్టు తేలిందనీ, ఆసక్తి ఉన్నవాళ్ళు దగ్గరుంటే నిష్పాక్షికత దెబ్బతింటుందనీ ఉత్తర్వులో రాశారు. ఆమె బీరువా తాళాలు సార్‌కి అప్పగించి బస్సెక్కింది.

పోతూపోతూ ఎల్లయ్యతో, "డబ్బా పాసవ్వగానే మీ అంకెలు తీసేస్తారు తాతా" అని చెప్పింది.

"గట్లనే బిడ్డా. పాసైతది గదా మరి?" అన్నాడు. మనవడు పదో తరగతి పరీక్ష రాస్తున్నట్టు అడిగాడు.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చారు. కంది ఊరి దగ్గర్నుంచి ఆఫీసు దాకా ఫ్లెక్సీలు కట్టారు. వాటిలో డబ్బా అగ్గిపెట్టెంత, మంత్రిగారు రెండంతస్తులంత ఉన్నారు. వేదిక మీద వెండి పళ్ళెంలో డబ్బా పెట్టారు. అప్పటికే దాన్ని తెల్లగుడ్డలో పెట్టి చుట్టూ కుట్టించి, కుట్టు కుట్టుకూ ఎర్ర లక్కతో సీలు వేశారు. మన దేశంలో దేన్నయినా నమ్మించాలంటే ముందు గుడ్డలో కుట్టి లక్క వేయాలి. విత్తనాల శాంపిలైనా, పరీక్ష పేపర్ల కట్టయినా అంతే. వైరు బయటికి రావడానికి మాత్రం ఒక చిల్లు వదిలారు.

మంత్రిగారు వంగి చూశారు.

"దీన్ల ఫ్యాను ఉన్నదా?"

"ఉంది సార్, వెనక వైపు."

"మరి గుడ్డ కుట్టేసిన్రు గదా. గాలి ఎట్లొస్తది?"

"పారదర్శకత కోసం సార్" అన్నారు రావు గారు.

"మంచిగున్నది" అన్నారు మంత్రిగారు, రిబ్బను కత్తిరించారు. "ప్రజల డేటా సల్లగుంటెనే ప్రజలు సల్లగుంటరు" అని మొదలుపెట్టి నలభై నిమిషాలు మాట్లాడారు. వీడియో తీశారు. ముందువరసలో ఫ్యాక్టరీ మేనేజరు మురళీమోహన్ గారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. పర్యావరణం మీద ఆయనకున్న ప్రేమ అప్పుడే తెలిసింది.

మర్నాడు పరీక్ష మొదలైంది. నేను వైరు తగిలిస్తూ అడిగాను.

"లోపల ఏ డిస్క్ పెట్టారు సార్?"

"ప్రభుత్వ డిస్క్."

"ఖాళీదేనా?"

"నిబంధన ఏడు ప్రకారం ఖాళీదే అయి ఉండాలి. అంచుదాకా నింపాలి, మొత్తం చెరపాలి, మళ్ళీ నింపాలి. అలా మూడుసార్లు. ఎప్పుడు వేడెక్కుతుందో చూడాలి."

నిండుగా నింపడానికి పెద్ద ఫైలు కావాలి. ఆఫీసులో ఉన్నవాటిలో పెద్దది మంత్రిగారి ప్రసంగమే. దాన్నే మళ్ళీమళ్ళీ కాపీ చేసుకుంటూ పోయాను. ఈ పని స్వయంగా నా చేతులతోనే చేశానని ఇక్కడ మనవి చేసుకుంటున్నాను.

అరగంటకే డబ్బా వేడెక్కింది. గుడ్డ లోపల ఫ్యాను పాపం ఎటు తోస్తుంది? నాగవల్లి గారు ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఒకసారి గుడ్డ విప్పుదామా సార్?"

"సీలు విప్పితే ఆ ఫలితాన్ని ఎవరు నమ్ముతారు డాక్టర్ గారూ?"

మేం ముగ్గురం బాగా ఆలోచించాం. రెండు టీలు అయ్యాక రావు గారికి ఉపాయం తట్టింది. డబ్బాను ఆయన గదిలోకి మార్చి, ఏసీ పదహారులో పెట్టి, సరిగ్గా దాని కింద బల్ల మీద ఉంచాం. అంతే, గంటలో చల్లబడింది. మూడు రోజులు అలాగే నడిపాం. ఒక్కసారి ఆగితే ఒట్టు. అటెండరు నర్సింహ మధ్యలో వచ్చి, "సార్, గీ ఏసీ కిందనే పెట్టేదుంటే డబ్బా లేకున్నా డిస్క్ నడుస్తుండె గదా" అన్నాడు. అతను సంఘం సభ్యుడు కాడు కాబట్టి ఆ మాట మినిట్స్‌లో రాయలేదు.

నాగవల్లి గారు తన థర్మామీటరు గుడ్డ మడతలో దూర్చి, రెండు నిమిషాలాగి చూశారు.

"గేదెకైతే నూటొకటి మామూలు సార్. డబ్బాకి ఎంత ఉండాలో మా చదువులో లేదు."

"గేదె కంటే తక్కువుంటే పాస్ వేద్దాం" అన్నారు రావు గారు.

తొంభై మూడు ఉంది. పాసైంది. చల్లదనానికి పాతికకి పాతిక. గుడ్డ లోంచి ఫ్యాను చప్పుడు వినపడలేదు కాబట్టి నిశ్శబ్దానికి పాతిక. లోపలికి దుమ్ము పోయే సందే లేదు కాబట్టి శుభ్రతకు పాతిక. స్వదేశీ స్ఫూర్తి కింద మాత్రం రెండు మార్కులు తగ్గాయి. ఫ్యాను ఏ దేశానిదో గుడ్డ విప్పకుండా తెలియలేదు. మొత్తం తొంభై ఎనిమిది. నివేదిక రెండు వందల పది పేజీలు వచ్చింది. అట్ట మీద మంత్రిగారి ఫొటో, నాలుగో పేజీలో నా ఫొటో.

ఈ మధ్యలో ఎల్లయ్య రెండుసార్లు వచ్చిపోయాడు. మొదటిసారి పరీక్ష జరుగుతోందని చెప్పాం. రెండోసారి పాసైందని చెప్పాం. పెద్దాయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "నాకు సదువు రాదు సార్. గానీ నా బోరు నీళ్ళు నెలనెలా సీసల పోసిచ్చింది నేనే. గవన్నీ పైలంగ ఉంటే సాలు" అన్నాడు. పైలంగా ఉంటాయని నేనే మాటిచ్చాను. నివేదికలో సంతకం పెట్టినవాడికి ఆ మాత్రం ధైర్యం ఉండాలి.

విచారణ రోజు కలెక్టరాఫీసులో జనం బాగానే వచ్చారు. ఎల్లయ్య సంచీ నిండా జామకాయలు తెచ్చి వరండాలో అందరికీ పంచాడు. నాకూ ఒకటిచ్చాడు. జోగిపేట నుంచి ఆ పొద్దునే వచ్చిన తేజస్విని ముఖం వెలిగిపోతోంది.

"పాత డిస్క్ బీరువాలో లేదేంటని భయపడ్డానన్నా. సార్ డబ్బాలోనే పెట్టించారట, సీలుతో సహా భద్రంగా ఉంది. ఇంక ఇక్కడే తెరిచి చూపించేయొచ్చు."

జామకాయ నా నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఏదో అడగబోయాను. ఇంతలో లోపలికి పిలిచారు.

విచారణాధికారి హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దమనిషి. ఎల్లయ్య కేసు తీసి, పదకొండేళ్ళ అంకెలు చూపించమన్నారు. నర్సింహ పళ్ళెంలో డబ్బా తెచ్చాడు. లక్క పగలగొట్టారు. కుట్లు విప్పారు. వైరు తగిలించారు. గోడ మీద తెర వెలిగింది.

మంత్రిగారి ప్రసంగం, కాపీ ఒకటి. కాపీ రెండు. కాపీ మూడు. అధికారి కిందికి జరుపుకుంటూ పోయారు. ఐదువందల అరవై దాకా ఉన్నాయి.

"నీళ్ళ అంకెలు ఎక్కడ?"

రావు గారు లేచి నిలబడ్డారు. "పరీక్షకు ఖాళీ డిస్క్ కావాలి సార్. కొత్తది స్టోర్స్‌లో లేదు, ఆఫీసులో ఉన్నదే వాడమని రాశారు. దీన్నే ఖాళీ చేయించాం. మూడుసార్లు చెరిపి, మూడుసార్లు నింపాం. ఒక్కసారి కూడా వేడెక్కలేదు." నివేదిక బల్ల మీద పెట్టారు.

ఫ్యాక్టరీ వకీలు లేచాడు. "మా క్లయింటు ఈ నివేదికతో పూర్తిగా ఏకీభవిస్తున్నారు సార్. ప్రతి పేజీతోనూ."

తేజస్విని గోడకు ఆనుకుని నిలబడిపోయింది. నాకు సిగ్గేసింది. ఆ ఐదువందల అరవై సార్లూ నొక్కింది నా వేలే.

ఎల్లయ్య తెర వైపు చూస్తూ అడిగాడు. "గిండ్ల నా బోరు ఏడున్నది సార్?"

విచారణాధికారి దయగల మనిషి. కేసు కొట్టేయలేదు. బోరు నీళ్ళు వచ్చే నెల నుంచి మళ్ళీ నెలనెలా పట్టాలనీ, పాత రికార్డుకు సమానంగా పదకొండేళ్ళ అంకెలు పోగయ్యాక అర్జీదారు స్వయంగా హాజరు కావాలనీ ఉత్తర్వు చెప్పారు. గుమస్తా క్యాలెండరు తిప్పి, వేళ్ళ మీద లెక్క కట్టి, పదకొండేళ్ళ తర్వాత అదే నెలలో ఒక మంగళవారం, ఉదయం పదిన్నరకి అని ప్రకటించాడు. గొట్టం సంగతి అప్పుడు చూస్తారు.

ఎల్లయ్య అంతా ఓపిగ్గా విన్నాడు. తర్వాత తేజస్విని దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, గా తారీఖు జెర కాయితం మీద రాసియ్యి. మా ఊరి బస్సు టైముకు రాదు, పొద్దుగాల్నే బయలెల్లాలె."

తేజస్విని రాయలేకపోయింది. నేను రాసిచ్చాను.