ఎనిమిది నీలం వీపులు

ఇకమీదట తమ స్టేషన్‌లో ఎవరినీ అన్యాయంగా గుర్తుపట్టడం జరగదని ఇన్‌స్పెక్టర్‌గారు పత్రికలవారిని పిలిచి ప్రకటించారు. నిందితుణ్ణి మరో ఏడుగురితో కలిపి నిలబెడతారట. ఎనిమిదిమందీ ఒకేలా ఉంటారట. ఆ మహత్కార్యానికి మొదటి సాక్షిని నేనే కావడం నా అదృష్టం.

మందుల షాపు ముందు స్కూటరు ఎత్తుకుపోతున్నవాణ్ణి మా కిటికీలోంచి చూశాను. పొడుగాటి మనిషి, నీలం చొక్కా. పోలీసులు మా ఎదురింటి దర్జీని పట్టుకున్నారు. దర్జీ పొట్టివాడు. అయితేనేం, నీలం చొక్కా ఉంది.

"నేను చూసింది వీపే నాయనా" అన్నాను ఇన్‌స్పెక్టర్‌గారితో.

"అయితే వీపులే చూపిస్తాం మామ్మగారూ. సాక్షి సౌకర్యం మాకు ముఖ్యం."

ఒక్కడికే నీలం చొక్కా ఉంటే పక్షపాతం. అతని పక్కన నిలబడే ఏడుగురు కానిస్టేబుళ్లకూ కుట్టించాలి. రెండు రోజుల్లో ఏడు చొక్కాలు కుట్టగల దర్జీ ఒక్కడే ఉన్నాడు, అతను లాకప్‌లో ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్‌గారు వెనకాడే మనిషి కారు. దర్జీ భార్యచేత మిషను తెప్పించి లాకప్‌లోనే వేయించారు.

"చంకలో బిగుతుగా ఉందయ్యా" అన్నాడట ఒక కానిస్టేబులు.

"చేతులు పైకెత్తకుంటే సరిపోతుందండీ."

"నేనెందుకెత్తుతాను? ఎత్తించడమే నా ఉద్యోగం."

గుర్తింపు పరేడ్ రోజు దర్జీ భార్య టిఫిన్ డబ్బాతో గేటు దగ్గరే నిలబడి ఉంది. "మామ్మగారూ, మీరు కాదంటే సాయంత్రానికి ఇంటికి పంపిస్తామన్నారు. లేకపోతే పెద్ద జైలుకట. మీరేం కల్పించక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి చాలు" అంది.

లోపల ఎనిమిది నీలం వీపులు గోడవైపు తిరిగి ఉన్నాయి. ఎత్తులోనూ తేడా ఉండకూడదని ఒకాయన కాళ్ల కింద నాలుగు ఇటుకలు పెట్టారు. అంత శ్రద్ధ నేను మరెక్కడా చూడలేదు.

"వీళ్లలో ఎవరూ కాదు" అన్నాను.

"తొందరేం లేదు మామ్మగారూ. ఇంతమంది ఉంటే మీకు గందరగోళం" అని ఇద్దరిని ట్రాఫిక్ డ్యూటీకి పంపారు.

"కాదు."

ముగ్గురు మంత్రిగారి బందోబస్తుకు వెళ్లారు.

"కాదు నాయనా."

మిగిలిన ఇద్దరూ టీ తాగడానికి వెళ్లి మళ్లీ రాలేదు. ఇటుకల మీద ఒక్క వీపు మిగిలింది.

"ఇప్పుడు ఎవరి ఒత్తిడీ లేకుండా చెప్పండి. వీళ్లలో ఎవరు?"

"ఇతనూ కాదు."

ఇన్‌స్పెక్టర్‌గారు నా ధైర్యాన్ని మెచ్చుకున్నారు. రిపోర్టు రాసి, చదివి సంతకం పెట్టమన్నారు. చదవకుండా నేను దేనిమీదా సంతకం పెట్టను. వేలు పెట్టి మూడుసార్లు చదివాను. 'నిందితుడు కాక మిగిలిన ఏడుగురిలో ఎవరినీ సాక్షి దొంగగా గుర్తించలేదు.' ఎంత వెతికినా ఒక్క అబద్ధం దొరకలేదు.

"ఎనిమిదో అతన్నీ కాదన్నాను కదా?"

"అతని తరఫున మేం రాస్తే పక్షపాతం అయిపోదూ?" అన్నారు.

న్యాయమే అనిపించింది. సంతకం పెట్టాను.

వెనక వైపు వ్యాను స్టార్ట్ చేసిన చప్పుడైంది. గేటు దగ్గర దర్జీ భార్య ఎదురొచ్చింది.

"కాదని చెప్పారా మామ్మగారూ?"

"నాలుగుసార్లు చెప్పానమ్మా."

"మీ మేలు మర్చిపోం" అని ఆమె డబ్బా మూత గట్టిగా బిగించింది. "ఇంక ఇది ఇంటికే పట్టుకెళ్తాను. వేడి చేసి పెడతా."