రోవెనా బాగానే ఉంది

ఆ ఉదయానికి రోవెనా ఆష్‌వర్త్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు వికలాంగుల పింఛను కోసం పరీక్ష చేసే ఉద్యోగి ఇంటికి వస్తాడు. "ఎలా ఉన్నారు?" అని అడుగుతాడు. అప్పుడు "బాగానే ఉన్నానండీ" అనకూడదు. అంతే.

వినడానికి తేలికే. కానీ లాంకషైర్‌లో, మా పాత మిల్లుల ఊళ్ళో, ఆ మాట అనకుండా ఉండటం తుమ్ము ఆపుకోవడం కంటే కష్టం. కాలు విరిగి స్ట్రెచర్ మీద పోతున్నవాడు కూడా దారిలో ఎవరైనా పలకరిస్తే "పర్లేదండీ, మీరెలా ఉన్నారు?" అంటాడు. పక్కింటి నార్మన్ ఆ మర్యాద వల్లే నిరుడు తన పింఛను పోగొట్టుకున్నాడు. దెబ్బ తిన్నవాడే వైద్యుడన్నట్టు, రోవెనాకు తనే గురువై వారం పాటు పాఠం చెప్పాడు.

"ఎలా ఉన్నావమ్మాయ్?"

"బాగా... లేను. క్షమించండి."

"క్షమించడం ఎందుకు?"

"బాగాలేనన్నాను కదా, మీరు నొచ్చుకుంటారేమోనని."

"నేను నొచ్చుకుంటే నీ సొమ్మేం పోయింది? ఆ క్షమాపణ తీసేసి మళ్ళీ చెప్పు."

రోవెనాకు నలభై నాలుగేళ్ళు. బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వడ్డించే పని చేసేది. నాలుగేళ్ళుగా ఉన్నట్టుండి కాళ్ళు పట్టు తప్పి కూలబడుతోంది. గుమ్మం దాటాలంటే గుండె దడ, చేతులు వణుకు. గుండె డాక్టరు గుండె బాగుందన్నాడు. నరాల డాక్టరు నరాలు బాగున్నాయన్నాడు. రక్తం తీసుకున్నవాళ్ళు అంత మంచి రక్తం ఈ మధ్య చూడలేదన్నారు. విడివిడిగా అన్నీ బాగున్నాయి, కలిపితేనే మనిషి లేవడం లేదు. మనసు డాక్టరు దగ్గర క్యూలో పేరుంది. ఆ క్యూ ఎప్పుడు కదులుతుందో డాక్టరుకే తెలియదు. దరఖాస్తులో మొదటి గడి 'జబ్బు పేరు'. అందులో రోవెనా "ఇంకా పెట్టలేదు, క్షమించండి" అని రాసింది.

ఆ డబ్బు వస్తే స్నానం చేయించడానికి ఓ మనిషిని పెట్టుకోవచ్చు. రాకపోతే వీధి చివర నుంచి తల్లి డోరీన్ రావాలి, డెబ్బై ఆరేళ్ళ వయసులో కూతుర్ని తొట్టిలోంచి లేవదీయాలి. పోయిన నెల అలా లేవదీయబోయి ఆమె నడుము పట్టేసింది. తల్లీకూతుళ్ళిద్దరూ చల్లబడ్డ తొట్టి దగ్గర కదల్లేక, నార్మన్ వచ్చి తలుపు కొట్టేదాకా వాతావరణం గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నారు. ఆ తర్వాతే రోవెనా ఈ దరఖాస్తు పెట్టింది.

పథకంలో డోరీన్ లేదు. అయినా తెల్లవారేసరికి ఆమె గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూర్చుని మెట్టును రాయితో రుద్దుతోంది.

"అమ్మా, లే. నీ నడుము సంగతి మర్చిపోయావా?"

"సర్కారు మనిషి వస్తున్నాడు. ఈ మెట్టు చూస్తే ఇంట్లో ఆడవాళ్ళు చచ్చిపోయారనుకుంటాడు."

మెట్టు తెల్లబడ్డాక ఆమె లోపలికొచ్చింది. రోవెనా కడగలేక వదిలేసిన గిన్నెలు సింకులో గుట్టగా ఉన్నాయి. ఆవిడ గౌను చేతులు పైకి మడుచుకోవడం కిటికీలోంచి చూసి నార్మన్ పరుగున వచ్చాడు.

"డోరీన్ గారూ, ముట్టుకోకండి. అవి సాక్ష్యం."

"మీ సాక్ష్యానికి బూజు పట్టింది, నార్మన్. మీ ఇంటికెళ్ళి మీ సాక్ష్యం చూసుకోండి."

గిన్నెలు తళతళలాడాయి. తర్వాత స్నానాల పీట, చేతికర్ర ఆమె కంట్లో పడ్డాయి. అవి ఇంట్లో ఉంటే ముసలివాళ్ళ ఆశ్రమంలా ఉందని రెంటినీ పెరటి షెడ్డులో పడేసింది. కూతురికి నీలం గౌను తొడిగి, తల దువ్వి, పెదవులకు కాస్త రంగు పూసింది. రోవెనా అద్దంలో చూసుకుంటే, నాలుగేళ్ళలో ఎన్నడూ లేనంత ఆరోగ్యంగా కనబడింది.

పరీక్షాధికారి టాపింగ్ పది గంటలకు వచ్చాడు. పూర్వం మోకాలి నొప్పులవాళ్ళకు కసరత్తులు చేయించేవాడు; ఇప్పుడు మనసులు కొలుస్తున్నాడు. తెల్లటి మెట్టును తొక్కలేక దాటి, లోపలికొచ్చి, కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎలా ఉన్నారు?"

రోవెనా కళ్ళు మూసుకుంది. "బాగాలేనండీ," అంది. కిటికీ అవతల కంచె మొక్కలు కత్తిరించే నెపంతో నిలబడ్డ నార్మన్ గర్వంగా తలూపాడు.

అదే క్షణంలో డోరీన్ టీ పళ్ళెంతో ప్రవేశించింది. మంచి కప్పులు, జామ్ కేకు. "దాని మాటలకేం లెండి బాబూ, పొద్దుటి నుంచీ మీకోసమే ఎదురుచూస్తోంది. తీసుకోండి, మా అమ్మాయే చేసింది."

కేకు చేసింది డోరీన్. రోవెనా చివరిసారి పొయ్యి వెలిగించి ఏడాదిన్నర అయింది. టాపింగ్ ఒక ముక్క తిని, టైపు చేశాడు.

"ఒంటరిగా బయటికి వెళ్ళగలరా?"

"ఎందుకెళ్ళదూ," అంది తల్లి. "మా ఇంట్లో ఎవరూ గడప పట్టుకుని వేలాడే రకం కాదు."

"అమ్మా," అంది రోవెనా.

"ఇల్లు ఇంత శుభ్రంగా ఎవరు ఉంచుతారు?" అన్నాడు టాపింగ్.

"చిన్నప్పటి నుంచీ దానికి శుభ్రం ఎక్కువ."

టాపింగ్ వేళ్ళు చకచకా కదిలాయి. బయట నార్మన్ కత్తెర మొక్కల్ని వదిలేసి గాలిని నరుకుతోంది. ఈ వరస ఆగకపోతే తను త్వరలో గుర్రపుస్వారీ కూడా చేస్తుందని రోవెనాకు భయం వేసింది. తల్లి నోటికి ఏదో ఒకటి అడ్డం పెడదామని కేకు అందుకోవడానికి లేచింది. అలవాటుగా పక్కకు చెయ్యి చాపింది. కర్ర షెడ్డులో ఉంది. కాళ్ళు ఒక్కసారిగా వదిలేశాయి, ఆమె తివాచీ మీదికి జారిపోయింది.

టాపింగ్ తలెత్తాడు. పరాయివాడి ముందు కూతురు నేల మీద పడి ఉండటం డోరీన్‌కు తల కొట్టేసినట్టయింది. "చెవిపోగు పడిపోయింది, వెతుకుతోంది," అంది.

"ఇబ్బంది లేకుండా వంగగలరు," అని పైకి చదువుకుంటూ టాపింగ్ టైపు చేశాడు.

ఆ మాట వినేసరికి డోరీన్ టీ కూజాను ఠక్కున బల్ల మీద పెట్టింది. చెవిపోగు ఉపాయం తనదే. కానీ దాన్ని ఇంకొకడు నమ్మి, రాసేసి, ముద్ర వేయబోతుంటే ఆమె తట్టుకోలేకపోయింది.

"కొట్టేయండి బాబూ అది. దానికి చెవులే కుట్టించలేదు. పడిపోయింది. నాలుగేళ్ళుగా పడుతూనే ఉంది. గిన్నెలు నేను కడిగాను, కేకు నేను చేశాను, ఆ గౌను నేను తొడిగాను. మా అమ్మాయికి జబ్బు. పేరు ఎవరికీ తెలీదు, జబ్బు మాత్రం ఉంది."

తివాచీ మీద రోవెనా కదలకుండా విన్నది. ఈ మాట ఏ డాక్టరూ అనలేదు. తల్లి కూడా ఇన్నాళ్ళూ 'కాస్త నీరసం' అంటూ వచ్చింది. ఆమెకు ఏడుపు పొంగుకొచ్చింది. అదే సమయంలో తల్లి ముఖం చూస్తే జాలేసింది. ఊరందరి ముందూ వీధిలో నిలబెట్టినట్టుంది పాపం.

టాపింగ్ కంప్యూటర్ మీంచి వంగాడు. "మీ అమ్మగారి మాట నిజమేనా? ఇప్పుడు ఎలా ఉన్నారు మీరు?"

వారం రోజుల పాఠం ఉంది. తొట్టి దగ్గరి సాయంత్రం ఉంది. కానీ తల్లి ముక్కు ఎర్రబడుతోంది.

"బాగానే ఉన్నానండీ," అంది రోవెనా నేల మీంచి. "మీరు కేకు తినండి."

బయట కత్తెర కింద పడిన చప్పుడయింది.

కొన్ని వారాలకు ఉత్తరం వచ్చింది. నార్మన్, తన వంతు ఓదార్పు మాటలు సిద్ధం చేసుకుని, కూర్చుని చదివాడు. ఎంత చేతకాకపోతే అన్ని మార్కులు, అదీ లెక్క. స్నానం: సున్నా, ఇల్లు శుభ్రంగా ఉంది. వంట: సున్నా, కేకు బాగుంది. నడక: సున్నా, నేల దాకా వెళ్ళి మళ్ళీ కుర్చీలోకి చేరారు. చేర్చింది నడుము పట్టేసిన ముసలావిడ అన్న సంగతికి అందులో గడి లేదు. మనసు: సున్నా, అతిథి మర్యాదలో లోపం లేదు. 'తన మాట తాను చెప్పుకోవడం' అన్న చోట మాత్రం పూర్తి మార్కులు పడ్డాయి. "నేల మీద పడి ఉండగా ఎలా ఉన్నారని అడిగితే కేకు తినమన్నారు. తన స్థితిని తెలియజేసే శక్తి బొత్తిగా లేదు. పింఛను మంజూరు."

నార్మన్ ఉత్తరాన్ని రెండుసార్లు తిరగేశాడు. "నేనూ అదే కదా అన్నాను. బాగానే ఉన్నాననే కదా."

"మీరు నిలబడి అన్నారు, నార్మన్," అంది రోవెనా.

స్నానానికి సాయం చేసే మనిషి సోమవారం నుంచి వస్తానంది. తల్లి నడుముకు ఇక విశ్రాంతి. రోవెనా చాలాకాలం తర్వాత మనసారా నవ్వింది. డోరీన్ మాత్రం నవ్వలేదు. ఉత్తరం లాక్కుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది.

"చెప్పుకోవడం రాదా? మా అమ్మాయికా? పది నెలలకే మాటలొచ్చాయి దీనికి. బడిలో పద్యం చెప్పి బహుమతి తెచ్చుకుంది. ఎవడో వచ్చి నా కేకు తిని, నా బిడ్డకు నోరు లేదని రాసిపోతాడా? దీని మీద అప్పీలు చేస్తాను."

"అమ్మా, వద్దే. డబ్బు పోతుంది."

"పోతే పోనీ. పరువు ముఖ్యం. నా కళ్ళద్దాలేవీ?"

రోవెనా సైగ చేయగానే నార్మన్ పట్టుకుపోయిన కళ్ళద్దాలు అప్పటికే పెరటి షెడ్డులో, పాత పెయింట్ డబ్బాల వెనక ఉన్నాయి. డోరీన్ సొరుగులన్నీ లాగింది, దిండ్లన్నీ ఎత్తింది, చివరికి కూతురి ముందుకొచ్చి నిలబడి, ఎక్కడున్నాయో చెప్పమని సూటిగా అడిగింది.

రోవెనా కేకు తినమంది.