చింతపండుతో తోమిన మనిషి

టౌన్ బస్సు కండక్టరు గవర్రాజు పుట్టుకలోనే తప్పుగా అచ్చు పడ్డ మనిషని, చిల్లర తీసుకుంటూ ఒక ప్రయాణికుడు గుర్తించాడు. గవర్రాజు ముఖం మొత్తంగా ఎడమవైపుకి జరిగి పడింది. ఎడమ చెవి సగం అంచు దాటి పోయింది. కుడి చెంప పక్కన ఏ అచ్చూ లేని ఖాళీ చోటు రెండు వేళ్ళ వెడల్పున మిగిలింది. ఏళ్ళ తరబడి అదే బస్సులో టిక్కెట్లు కొడుతున్నా ఇది ఎవరి కంటా పడలేదు. కండక్టరు చేతిలో చిల్లర చూస్తారు గానీ మొహం ఎవరు చూస్తారు?

ఆ ప్రయాణికుడు జోగారావు, అరుదైన మనుషుల బ్రోకరు. అనకాపల్లిలో ఈ వ్యాపారం కొత్తదేమీ కాదు. మొదట్లో జనం చిల్లరలో తప్పు నాణేల కోసం వెతికేవారు. బొమ్మ తిరగబడి పడ్డ రూపాయికీ, ఒకవైపు అచ్చే పడని ఐదు రూపాయల బిళ్ళకీ వేలు పలికేవి. నాణేలు దొరకడం మానేశాక మనుషుల్ని వెతకడం మొదలుపెట్టారు, అంతే. స్మారక మనుషులకి, అంటే ఏదో ఒక నాయకుడి శతజయంతి రోజున పుట్టి ఆయన పేరే పెట్టించుకున్నవాళ్ళకి, కొన్నాళ్ళు గిరాకీ ఉండేది. అలాంటివాళ్ళు బస్తాల కొద్దీ ఉన్నారని తేలాక ధర పడిపోయింది. వాళ్ళు మాత్రం ఇప్పటికీ ఛాతీ విరుచుకునే తిరుగుతారు.

జోగారావు ఆ సాయంత్రమే గవర్రాజు ఇంటికి వచ్చాడు. ఇల్లంటే నాలుగు గోడలూ, పైన రేకులూ, స్లాబు కోసం లేపి వదిలేసిన ఇనుప చువ్వలూ. గురువారం పరిశీలన కార్యాలయంలో ధ్రువపత్రం వస్తే, ఒక పెద్దమనిషి గవర్రాజుని కొని, గాలి ఆడే గాజు పెట్టెలో సీలు వేసి, తన హాల్లో పెట్టుకుంటాడు. ఆ డబ్బుతో స్లాబు పడి, పై అంతస్తు కూడా లేస్తుంది.

"ఇకమీదట ఈడి మొహం ఎవులూ ముట్టుకోకండి. ఎత్తాలంటే అంచులు పట్టుకునే ఎత్తాల. ముక్యంగా తోమకండి. మెరుస్తాడని తోమేరో, పైసా రాదు" అన్నాడు జోగారావు.

గవర్రాజు పెళ్ళాం నూకాలు తలుపు పక్క నించుని అడిగింది. "పెట్టిలో ఎట్టినాక మళ్ళీ ఎప్పుడు తీస్తారు బాబూ?"

"తీస్తే ఇలువ పోదేటమ్మా?"

ఇది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి జోగారావు కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

నిజం చెప్పాలంటే గవర్రాజుకి సంతోషంగానే ఉంది. వీధివాళ్ళు భూతద్దాలు పట్టుకుని వచ్చి అతని మొహం వంక అంతసేపు చూడటం జీవితంలో ఇదే మొదలు. నూకాలుకి మాత్రం భయంతో అన్నం దిగలేదు. నాలుగేళ్ళ కూతురు మాణిక్యం రోజూ ఆ ఖాళీ చెంప మీద అరచెయ్యి ఆనించి నిద్రపోయేది. ఇప్పుడు దాన్ని వేరే చాప మీద పడుకోబెట్టారు. అది ఏడ్చి ఏడ్చి పడుకుంటోంది. వారం తిరిగేసరికి మొగుడు ఎవరింటి హాల్లోనో ఉంటాడు, ఇక్కడ స్లాబు ఉంటుంది.

గురువారం పొద్దున్న నూకాలు మొగుణ్ణి కుళాయి దగ్గర పీట మీద కూర్చోబెట్టింది.

"కళ్ళు మూసుకో మావా, సబ్బు."

చురుక్కుమన్నాక గాని అది సబ్బు కాదని గవర్రాజుకి తెలియలేదు. అప్పటికే నూకాలు, జాతర ముందు దీపపు కుందులు తోమినట్టు, నానిన చింతపండు పిప్పితో నుదుటి నుంచి గడ్డం దాకా తోమేసింది. మొహం తళతళలాడింది.

పరిశీలన కార్యాలయంలో వాళ్ళ ముందు ఒక కలాసీ ఉన్నాడు. మూటలు మోసి మోసి వెన్ను విల్లులా వంగింది. అధికారిణి చేతులకి తొడుగులు వేసుకుని, అతణ్ణి అంచులు పట్టుకుని తిప్పి చూసింది. "ఇది పుట్టుకలో వచ్చిన తప్పు కాదు, బతుకులో వచ్చింది. దీనికి విలువ లేదు" అంది. కలాసీ దండం పెట్టి మళ్ళీ బస్తాల దగ్గరికి వెళ్ళిపోయాడు.

గవర్రాజు వంతు వచ్చింది. అధికారిణి భూతద్దం పెట్టి ఎడమ చెవి చూసింది, ఖాళీ చెంప చూసింది. "పుట్టుకలో వచ్చిందే" అంది. జోగారావు ఊపిరి వదిలాడు. నూకాలు కొంగు బిగించి పట్టుకుంది. అధికారిణి ఇంకాస్త దగ్గరికి వంగి, ఒకసారి వాసన చూసి, అద్దం కింద పెట్టేసింది.

"ఎవరు తోమారు?"

"నానేనమ్మా. పెద్దోళ్ళ ముందరికి ఎల్తన్నాడు గదా, కాస్త మెరుపుగా ఉంటాడని. తెలక సేసేను" అంది నూకాలు.

చలామణికి తిరిగి పంపవలెనని రాసి ముద్ర కొట్టారు. జోగారావు నెత్తి కొట్టుకుని, బంగారంలాంటి సరుకుని చారు చేసి పారేసిందని వరండా అదిరేలా తిట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో గవర్రాజు మెల్లిగా అడిగాడు. "నిజంగా తెలకే తోమేవా?"

"తెలిసే తోమేను."

ఆ సాయంత్రం మాణిక్యం మళ్ళీ తండ్రి చెంప మీద చెయ్యి వేసి నిద్రపోయింది. నూకాలు కడుపునిండా అన్నం తింది.

తర్వాత అంతా మామూలుగానే నడిచింది. స్లాబు తోమేసుకున్న మనిషని వీధిలో నూకాలుకి పేరు పడింది. కన్నతల్లి కూడా మాటలు మానేసింది. వానాకాలం వచ్చి రేకులు కారితే, బిందె పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ మాటే ఎత్తారు. గవర్రాజు మళ్ళీ డ్యూటీకి ఎక్కాడు. బస్సులో తళతళలాడే మొహంతో టిక్కెట్లు కొట్టాడు, ఎవరూ తలెత్తి చూడలేదు. మునుపు అది అతనికి అలవాటే. ఒకసారి అందరూ చూశాక ఇప్పుడు తట్టుకోలేకపోయాడు.

ఒకరోజు నూకాలు చారుకి చింతపండు నానబెట్టి వచ్చేసరికి, గవర్రాజు మాణిక్యాన్ని ట్యూబులైటు కింద నిలబెట్టి మొహం అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. పిల్ల ఎడమ చెవి అంచు దాటి పోయింది. కుడి చెంప పక్కన ఖాళీ మూడు వేళ్ళ వెడల్పున ఉంది.

"నాకన్నా బాగా పడింది. ఎవులూ తోమలేదు కూడాను" అన్నాడు.

గవర్రాజు వంటింట్లోకి వెళ్ళి, నానబెట్టిన చింతపండు గిన్నె తెచ్చి కాలవలో ఒంపేశాడు. పైన రేకుల మీద వాన మొదలైంది. మాణిక్యం బెదిరి ఏడుస్తూ తల్లివైపు చేతులు చాపింది. నూకాలు కారుతున్న చోట బిందె పెట్టి, చేతులు కొంగుకి శుభ్రంగా తుడుచుకుని వచ్చి, కూతుర్ని అంచులు పట్టుకుని జాగ్రత్తగా ఎత్తుకుంది.