మెత్తబడిన కత్తెర

ఆ ఇంట్లో దేన్నయినా ముట్టుకోవచ్చు, ముందుగదిలో మేకుకు వేలాడే కత్తెరను తప్ప. అది ఇల్లాలి కత్తెర. ఆవిడ బట్టలు కుడుతుంది. గుడ్డ తప్ప మరొకటి దాని నోట్లో పడకూడదని కాపురానికి వచ్చిన మూడో రోజే మొగుడికి చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపారు. తలూపడంలో ఆయనను మించినవారు లేరు.

ఆయన బడిలో సైన్సు మాస్టారు. ఘనపదార్థాల పాఠమంటే ఆయనకు ప్రాణం. అందుకే పిల్లలు ‘స్ఫటికం మాస్టారు’ అని పేరు పెట్టుకున్నారు. ఏటా ఆ పాఠానికి మట్టి ఉండలు, ఇనప తీగలతో వజ్రం నమూనా చేస్తారు. ఉండలు పరమాణువులు, తీగలు వాటి మధ్య బంధాలు. ఆ తీగలన్నీ ఏటా ఇల్లాలు ఊళ్లో పని మీద వెళ్లినప్పుడు ఆ కత్తెరతోనే తెగేవి. ఇన్నేళ్లలో దానికి చిన్న గాటు కూడా పడలేదని ఆయన లోలోపల మురిసిపోయేవారు.

ఈసారి తనిఖీ అధికారి వస్తున్నాడని నమూనా పెద్దది చేయబోయారు. తీగ కూడా లావుది తెచ్చారు. ముప్పై రెండో బంధం దగ్గర కత్తెర టక్కుమంది. చూస్తే అంచు మీద బియ్యపుగింజంత నొక్కు.

మర్నాడు పొద్దున ఆసుపత్రి నుంచి మనిషి వస్తాడు. నర్సులకు నలభై కోట్లు కుట్టాలి. మొదటి కోటు చూసి నచ్చితేనే మిగతావి ఇస్తారు. అంత పెద్ద పని ఆవిడకు ఇదే మొదటిసారి. కొలతలకు వెళ్లిన ఇల్లాలు రెండు గంటల్లో వచ్చి, రాగానే గుడ్డ మీద కత్తెర పెడుతుంది.

“రెండు గంటలు చాలు,” అని మాస్టారు చొక్కా చేతులు మడిచారు.

ముందు ఆకురాయితో అంచు అరగదీయబోయారు. ఉక్కు మీద ఆకురాయి జర్రున జారింది తప్ప పట్టు దొరకలేదు. ఇక్కడే పాఠం పనికొచ్చింది. ఉక్కును ఎర్రగా కాల్చి నెమ్మదిగా చల్లారనిస్తే లోపలి అమరిక మారి మెత్తబడుతుంది. అప్పుడు అరగదీసి, మళ్లీ కాల్చి, చప్పున నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు చెబుతున్నదే.

స్టవ్ మీద కత్తెర కాలింది, చల్లారింది. ఆకురాయికి వెన్నలా లొంగింది. నొక్కు పోయింది. మాస్టారు ఈల వేసుకుంటూ మళ్లీ కాల్చారు. కత్తెర ఎర్రబడింది. పటకారుతో పట్టుకుని బకెట్టు వైపు రెండడుగులు వేశారో లేదో, ఫోను మోగింది.

హెడ్మాస్టరు గారు. మాస్టారు కత్తెరను గట్టు మీద పెట్టి ఫోను ఎత్తారు.

“రేపు ఆ అధికారి ఉక్కు గురించి అడిగితే ఏం చెబుతావయ్యా?”

ఇంతకంటే తీయని ప్రశ్న ఆయనను ఎవరూ అడగలేదు. “ఉన్న కీలకమంతా చల్లార్చడంలోనే ఉంది సార్. నీళ్లలో ముంచితే పరమాణువులకు సర్దుకునే వ్యవధి ఉండదు, అందుకే గట్టిగా ఉంటుంది. ఊరికే గాలికి వదిలేస్తే మెత్తబడిపోతుంది…”

పావుగంట చెప్పారు. ఆయన వెనక గట్టు మీద కత్తెర ఊరికే గాలికి చల్లారిపోతోంది.

ఫోను పెట్టి వెనక్కి తిరిగేసరికి వీధి గేటు కిర్రుమంది. మాస్టారు మసి తుడిచి, కత్తెరను మేకుకు తగిలించి, చేతికందిన పుస్తకం తెరిచి కూర్చున్నారు.

ఇల్లాలు గుడ్డ పరిచి, సుద్దముక్కతో గీత గీసి కత్తెర ఆడించింది. గుడ్డ తెగలేదు, రెండు అంచుల మధ్య నలిగింది. ఆవిడ కత్తెరను కిటికీ వెలుగులో తిప్పి చూసింది. వంటగది వైపు చూసింది. తర్వాత మొగుడి పక్కన వచ్చి కూర్చుంది.

“ఏమండీ, పుస్తకం తలకిందులుగా ఉంది.”

“ఇలా చదివితే బాగా గుర్తుంటుంది.”

“అలాగా. రేపటి పాఠం ఓసారి నాకు చెప్పండి. ఏటా చెబుతారుగా.”

“ఈసారి వద్దులే. నీకు పనుంది.”

“పని ఎటూ సాగట్లేదు, చెప్పండి.”

పాఠం అడిగితే చెప్పకుండా ఉండడం ఆయన వల్ల కాదు. వజ్రం దాకా వచ్చారు. అది దాటి ఉక్కు దాకా కూడా వచ్చారు.

“మరి ఎర్రగా కాల్చి గట్టు మీద వదిలేస్తే?”

“మెత్తబడుతుంది,” అని మాస్టారు హుషారుగా అనేశారు. అన్నాక ఆగిపోయారు. “గట్టు అని నేనెప్పుడన్నాను?”

“మీరు అనలేదు. గట్టు మీద కత్తెర ఆకారంలో మాడిన మచ్చ ఉంది.”

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. “నీ కోట్లు పాడు చేశానే. బాగు చేద్దామనే అనుకున్నాను.”

“తెలుసు. అందుకే ఇంకా అరవలేదు. చెప్పులేసుకోండి.”

వీధి చివర సాన పట్టే తాత కత్తెరను గోటితో మీటి చూశాడు. కొలిమిలో కాల్చి చుయ్యిమని నీళ్లలో ముంచాడు. “ఇప్పుడు గాజుముక్క. కిందపడితే రెండవుతుంది,” అని మళ్లీ కాస్త సెగ చూపించి, అంచు సాన మీద పెట్టాడు. ఆ రెండో సెగ మాట మాస్టారి పథకంలో అసలు లేదు.

“ఏటా ఈ నెల్లో ఓ నొక్కు తెస్తుంది అమ్మాయి, తీసి పంపిస్తాను,” అన్నాడు తాత. “ఈసారి కాల్చుకొచ్చారేంటి మాస్టారూ?”

మాస్టారు ఇల్లాలి వైపు చూశారు. ఆవిడ సానరాయి వైపు చూస్తోంది.

“ఏటా తెలుసా నీకు?”

“తీగ తెంపిన కత్తెర గుడ్డ మీద ఆడే చప్పుడే వేరండీ. మీరు రాత్రి పగలు ఆ నమూనా చూసి మురిసిపోతుంటే చెప్పబుద్ధి కాలేదు. మూడేళ్ల కిందట మీ పెట్టెలో కటింగ్ ప్లయర్ కూడా పెట్టాను.”

ఇంటికి రాగానే ఆయన నమూనాల పెట్టె అడుగుదాకా తీశారు. పాత గుడ్డపీలికలో చుట్టి ఉంది, కొత్తది కొత్తదిగానే. ఆయన దానితో మిగిలిన తీగలు తెంపుతూ కూర్చున్నారు. పక్కగదిలో కత్తెర గుడ్డ మీద సర్రుమని సాగుతుంటే ఆ చప్పుడు ఆయనకు ఎంతో హాయిగా వినిపించింది.

మర్నాడు కోటు నచ్చింది. బడిలో మాస్టారు వజ్రం పక్కన పెట్టి, జరిగినదంతా ఉన్నదున్నట్టు చెప్పారు. పిల్లలు పడీపడీ నవ్వారు, తనిఖీ అధికారి కూడా నవ్వాడు. ఉక్కు పాఠం మొదటిసారి అందరికీ ఒంటబట్టింది. బడి వదిలే వేళకు స్ఫటికం మాస్టారు కాస్తా కత్తెర మాస్టారు అయ్యారు.

ఇంటికి వస్తే ఆయన కుర్చీ మీద గుండీల డబ్బా, సూది, దారం సిద్ధంగా ఉన్నాయి. కోటుకు ఆరు చొప్పున రెండు వందల నలభై గుండీలు. ఆయన సూదిలో దారం ఎక్కించారు. దారం తెంపడానికి మేకు వైపు చూస్తే కత్తెర లేదు.

“ఎక్కడ దాచావ్?”

“మీ నమూనాల పెట్టె అడుగున దాచాలనుకున్నాను,” అంది ఆవిడ మిషను తొక్కుతూ. “మూడేళ్లు మీ కంటపడని చోటు ఈ ఇంట్లో అదొక్కటే. నిన్న చెప్పి చెడగొట్టుకున్నాను. దారం పళ్లతో తెంపండి.”